ఏది పోసినా అతుక్కున్న ఏడాది

నేను కొలువు చేసిన రూముల దీపం వెలిగిస్తే డిండి చెరువు మీది కొంగలు తెల్లారిందనుకొని లేచి ఎగురుతయని కొత్తగ వచ్చిన పిల్లలకు చెప్పేటోణ్ణి. పెద్ద చదువులు చదివిన పిల్లలే, సగం మంది నమ్మేటోళ్ళు. ఒకరిద్దరైతే కిటికీకి కొట్టిన నల్లగుడ్డ జరంత జరిపి ఆకాశం దిక్కు చూసిన్రు గూడ. గిట్లాంటి ముచ్చట్లు చెప్పి చెప్పి నా మాటకు విలువ లేకుంట చేసుకున్న. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఎవరికి చెప్పినా "బాగ అల్లినవన్నా" అంటరు. అల్లలేదు. అల్లేంత ఓపిక ఇప్పుడు లేదు.

యాభై నిండంగనే కొలువు వదిలిపెట్టి ఇంట్ల కూసున్న. ముసలోణ్ణి కాలే గని అలిసిపోయిన. మా కాలేజీ నల్లగొండకూ మహబూబ్‌నగర్‌కూ నడుమ ఒక రాళ్ళ మెట్ట మీద ఉండె, పేరు మనకెందుకు. తెలంగాణ వచ్చిన కొత్తల ఆడ పరిశోధన చేసే పిల్లల కోసమని ఒక పెద్ద మిషన్ తెచ్చి, చీకటి రూముల పెట్టి, తాళంచెవి నా చేతికిచ్చిన్రు. కరెంటు ఉన్ననాడు ఏసీ నడవకపోయేది. ఏసీ నడిచిననాడు కరెంటు ఉండకపోయేది. రెండూ ఉన్ననాడు మిషన్ అలిగేది. ఈ మూడింటినీ ఒక్కతాన కూడగట్టుడే నా ఉద్యోగం. దాంట్లనే నా నడుము పోయింది, కండ్లు పోయినయి, సంసారంల నవ్వులాట పోయింది.

ఆ మిషన్ ఏం చేస్తదో చెప్తే గని ముందటి ముచ్చట సమజ్ కాదు. జర ఓపిక పట్టున్రి. మన నెత్తుర్ల ఆల్బుమిన్ అని ఒక ప్రోటీన్ ఉంటది. అది ఆర్టీసీ బస్ససొంటిది. మనం మింగిన మందులల్ల చానా మట్టుకు దాన్ని ఎక్కే ఒళ్ళంత తిరుగుతయి. బస్సే ఎక్కని మందుతోని ఒక తిప్పలు. ఎక్కి, సీటు పట్టుకొని, దిగాల్సిన స్టాపుల దిగని మందుతోని ఇంకో తిప్పలు. అందుకే కొత్త మందు తయారుచేసినోళ్ళు అది ఆల్బుమిన్‌కు అతుక్కుంటదా, అతుక్కుంటే ఎంత గట్టిగ అని చూసుకుంటరు.

ఎట్ల చూస్తరంటే, ఆ ప్రోటీన్ మీద కంటికి కనిపించని వెలుగు కొడితే అది తిరిగి సన్నగ వెలుగుతది. ఆ వెలుగును మిషన్ పట్టుకొని తెర మీద గుట్టలెక్క గీత గీస్తది. మందు పోయి ప్రోటీన్‌కు అతుక్కుంటే ఆ వెలుగు తగ్గుతది, గుట్ట కుంగుతది. చుక్క పోసుడు, గుట్ట ఎంత కుంగిందో చూసుడు. మళ్ళ చుక్క పోసుడు, మళ్ళ చూసుడు. పొద్దుగాల మొదలుపెడితే పొద్దుగూకేదాక గిదే పని. బయటికి వచ్చి ఎండల నిలవడితే కాలేజీ ఎనుకున్న అసలు గుట్టలు గూడ కుంగుతున్నట్టె అనిపించేది నాకు.

మా కాడ పరిశోధన చేసిన పిల్లలల్ల ఒకామె ఉండె. నల్లగొండ దిక్కు నేత పని చేసేటోళ్ళ బిడ్డ. వాళ్ళింట్ల ఇప్పటికీ మగ్గం ఆడుతది. మాట తక్కువ, గని అన్నదంటే సూది గుచ్చినట్టె. నన్ను అన్నా అనేది. వాపులు తగ్గించే మందుగ పనికొస్తయేమోనని అయిదు తీర్ల పొడులు తానే తయారుచేసింది. అన్నీ లేత పసుపుపచ్చగనే ఉండె. వాటిని మిథనాల్‌ల కరిగించాలె. మిథనాలంటే సారాయి వాసనొచ్చే ద్రవం. తాగితే కండ్లు పోతయి, అందుకే తాళమేసి పెడ్తుంటిమి. పెద్ద డబ్బాలకెల్లి దినాం ఒంచుకునుడు కష్టమని ఆమె ఒక గోధుమరంగు గాజు సీసల నింపుకొని పెట్టుకున్నది. ఏ పొడి కరిగించాలన్నా ఆ సీసలకెల్లే మిథనాల్ తీసేది.

ఇగ చూడున్రి, ఏది పోసినా అతుక్కునుడే. మొదటి పొడి పోస్తే గుట్ట కుంగింది. రెండోది పోస్తే కుంగింది. అయిదూ కుంగించినయి. అంతేగాదు, పెద్ద గుట్టకు కుడి దిక్కు ఒక చిన్న గుట్ట మొలిచింది. ఆమె గైడు సారు, అంటే ఆమె పరిశోధనను నడిపించే ప్రొఫెసరు, తెరకు ముక్కు ఆనించి చూసిండు. భారీ మనిషి, ఎప్పుడూ ఉరుకులాటే, గని మంచోడు.

"ఇది మామూలు సంగతి గాదమ్మా," అన్నడు. "ప్రోటీన్, మందు రెండూ కలిసి కొత్తగ ఏదో వెలుగుతాంది. దీని మీద ఒక చాప్టరే రాయొచ్చు."

ఆయన బయటికి పోయినంక నేను తెర దిక్కు చూసిన. "చెల్లె, అయిదుగురు అన్నదమ్ములు తూకమేస్తే ఒక్క తీరే తూగుతున్నరేంది? ఒక్కడన్న బక్కోడు ఉండాలె గద?"

"నీ కండ్లు పడ్డయన్నా. రేపు నిమ్మకాయ తెస్త, నీకే దిగదీసి పడేస్త."

"దిగదీస్తే మిషన్‌కు దియ్యి. నాకు ఎప్పుడో తగిలింది దిష్టి."

ఆమె నవ్వింది. నేనూ నవ్విన. అట్ల నవ్వుకుంటనే ఏడాది గడిచింది. ఆమె చాప్టరు రాసింది. ఇగ మిగిలింది ఒక్క సెమినారు. బయటి నుంచి వచ్చిన పెద్దల ముంగట చేసిన పనంత చెప్పుకుంటె, వాళ్ళు సరే అంటె, థీసిస్ ఇచ్చుడే. డిగ్రీ కాలేజీ లెక్చరర్ల కొలువులకు నోటిఫికేషన్ పడి ఉండె. గడువు లోపట థీసిస్ ఇచ్చినోళ్ళకే అవకాశం. అది తప్పితే మళ్ళ ఎన్నడు పడ్తదో ఎవరికీ తెల్వది. స్కాలర్‌షిప్పు గూడ ఆఖరికొచ్చింది. వాళ్ళమ్మ వాడంత తిరిగి "మా బిడ్డ డాక్టరయితాంది, సూదులిచ్చే డాక్టరు గాదు, పెద్ద డాక్టరు" అని చెప్పుకున్నదట. ఆమె ఆ మాట చెప్పి తల కొట్టుకునేది, గని ముఖంల సంబురం దాగకపోయేది.

సెమినారుకు ముందటి వారం, ఒక పొడిని మళ్ళ ఒక్కసారి చూసుకుంటనని వచ్చింది. గోధుమరంగు సీసల మిథనాల్ అడుగంటింది. కొత్త డబ్బా అప్పుడే వచ్చి ఉండె, దాన్నే ఇప్పి నేరుగ అందులకెల్లి తీసి పొడి కరిగించింది. చుక్క పోసింది. గుట్ట కదల్లే. ఇంకో చుక్క పోసింది. కదల్లే. చిన్న గుట్ట జాడే లేదు.

"అన్నా, నీ మిషన్ పోయింది."

"నా మిషన్ పోతే నాకు చెప్పకుంట పోదు."

"చూడు మరి!"

చూసిన. ఎన్ని చుక్కలు పోసినా గీత మీద గీత పడ్తనే ఉన్నది. నాకు గూడ మిషన్ లోపటి దీపమే పోయిందనిపించింది. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తె సర్వీసు ఇంజనీరు వచ్చిండు. ఇస్త్రీ అంగీ, సంకల చిన్న సూట్‌కేసు. మిషన్ల ఉత్త నీళ్ళు పెట్టి పరీక్ష చేసిండు, దీపం చూసిండు, అద్దాలు చూసిండు. "మీ మిషన్ పర్ఫెక్ట్‌గా ఉంది సార్. మీ ప్రోటీన్ పాడైందేమో చూసుకోండి," అని చాయ్ తాగి పోయిండు.

ప్రోటీన్ కొత్తది తెచ్చి చూసినం. అదే తీరు. కదల్లే.

ఆమె స్టూలు మీద కూసొని బల్ల మీదున్నవన్నీ ఒక్కొక్కటే లెక్కవెట్టింది. తర్వాత మెల్లగ అన్నది, "అన్నా, మారింది ఒక్కటే. మిథనాల్."

"కొత్త డబ్బాల ఏదన్న కలిసిందంటవా?"

"పాతదాంట్ల కలిసిందేమో."

గోధుమరంగు సీస అడుగున ఇంకా రెండు గుక్కలంత ఉండె. అందుల మందు ఏమీ కరిగించలే. ఉత్త మిథనాల్ ఒక చుక్క తీసి ప్రోటీన్‌ల పోసింది. గుట్ట కుంగింది. కుడి దిక్కు చిన్న గుట్ట మొలిచింది. అయిదు పొడులూ ఏడాదంత ఏ తీరుగ కుంగించినయో, అచ్చం అదే తీరు.

పని మొదలుపెట్టిన కొత్తల ఉత్త మిథనాల్ పోసి చూసుకునే ఉండె ఆమె. అప్పుడు డబ్బాలకెల్లే తీసింది, గుట్ట కదల్లే, మిథనాల్ మంచిదేనని తేలింది. మిథనాల్ అదే, సీస మారితే ఏమైతది అని ఎవరనుకుంటరు?

ఆమె సీసను పట్టుకపోయి వరండల ఎండకు ఎత్తి చూసింది. గోధుమరంగు గాజు కాబట్టి లోపల ఏమున్నదీ తెలుస్తలేదు. "అన్నా, నీ దస్తీ ఇయ్యి," అన్నది. జేబుల పెట్టుకునే తెల్లటి చేతిరుమాలు, పొద్దున్నే ఉతికింది. ఇచ్చిన. మిగిలిన ఆ కొంచెం దాని మీద ఒంచింది. పచ్చగయింది.

"నీ పొడులే పచ్చగుంటయి గద చెల్లె?"

"సీసల పొడి ఎన్నడన్న ఏసిన్నా అన్నా? ఉత్త మిథనాలే ఇది."

నల్లా కాడికి పోయి దస్తీ తడిపి, చేతులు కడుక్కునే సబ్బు తీసి పచ్చ మరక మీద రుద్దింది. నేను చూస్తనే ఉన్న. మరక ఎర్రగయింది.

మీకు తెలువకపోతే మీ అమ్మనడుగున్రి. మనిండ్లల్ల సబ్బు తగిలితే ఎర్రగయ్యే పచ్చ మరక ఏదో ఆమె చెప్తది. దానికి ఏ మిషనూ అక్కరలేదు.

అప్పుడు నాకు యాదికొచ్చింది. ఏటా దసరాకు మా డిపార్టుమెంటుల ఆయుధపూజ చేస్తుంటిమి. బండ్లకు చేసినట్టె మిషన్లకు గూడ పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, బంతిపూల దండలు. మా మిషన్‌కు బొట్టు పెట్టేది గైడు సారే, ఇంకెవరు పెట్టినా ఒప్పుకోడు. ఒక ఏడు పసుపు చానా మిగిలింది. చెమ్మ తగులుతదని, చీమలు పడ్తయని ఎవరో దాన్ని ఖాళీ సీసల పోసి గట్టిగ మూత పెట్టిన్రు. మా కాడ గట్టి మూత ఉన్న సీసలంటే గోధుమరంగువే. తర్వాతి దసరాకు ఆ పసుపు వాడుకున్నరు. ఖాళీ సీసను గాజుసామాను కడిగే అవ్వ మంచిగ నీళ్ళతోని కడిగి, మిగిలిన సీసల నడుమ బోర్లించింది. నీళ్ళకు పోని పసుపు మిథనాల్‌కు పోతది. సీస అడుగున సందులల్ల పట్టుకున్న పసుపు, ఆమె నింపినప్పుడల్ల కొంచెం కొంచెం కరిగింది.

పసుపు ఆల్బుమిన్‌కు అతుక్కుంటదని ఈ పరిశోధన చేసేటోళ్ళంత ఎరిగిన సంగతే. అంటే మా చెల్లె ఏడాదంత, తనకే తెలువకుంట, అందరూ ఎప్పుడో తేల్చిన సంగతిని మళ్ళ తేల్చింది. బాగ తేల్చింది. చానా శుద్ధంగ తేల్చింది.

అవ్వను పిలిచి అడిగినం. "అవునే బిడ్డా, దసరా సీస గదా అది. నీళ్ళు పోసి మూడు తాపల గిలకొట్టి కడిగిన. ఏమాయె?" అన్నది.

"ఏంగాలే అవ్వా," అన్నది ఆమె. "మంచిగనే కడిగినవ్."

గైడు సారు వచ్చిండు. ఎర్ర మరక దస్తీ చూసిండు, తెర చూసిండు, కుర్చీల కూలవడ్డడు. సూత్రం అర్థం చేసుకునుడు ఆయనకు ఒక్క నిమిషం పని. దాన్ని దిగమింగుడుకు చానాసేపు పట్టింది.

"సెమినారు ఎల్లుండే," అన్నడు ఆఖరికి.

"అవును సార్."

"చాప్టరు తీసేస్తే థీసిస్‌ల ఏం మిగలది. గడువు దాటిపోతది."

"అవును సార్."

ఆయన నా దిక్కు చూసిండు, లేచి పొమ్మంటడేమో అనుకున్న. అనలే. గొంతు తగ్గించి అన్నడు, "బిడ్డా, నేను నీ కొలువు గురించే చెప్తున్న. ఉన్నది ఉన్నట్టు చూపియ్యి. థీసిస్ ఇచ్చెయ్యి. తర్వాత మళ్ళ కొలుద్దాం, సరిచేద్దాం. గీ గీతలను ఎవడొచ్చి తిరగదోడుతడు?"

ఆమె సీస మూత తిప్పుకుంట నిలవడ్డది. ఆయన లేచి పోయినంక నన్నడిగింది, "అన్నా, నువ్వయితే ఏంచేస్తవ్?"

"నన్నడుగుతున్నవా? చెరువు కొంగలను నిద్రలేపేటోణ్ణి."

"మజాక్ గాదన్నా."

మజాక్ గాదని నాకూ తెలుసు. కొలువు లేక ఇండ్లల్ల కూసున్న పెద్ద చదువులోళ్ళు నాకు వరుసగ కండ్ల ముంగట కనవడ్తున్నరు. "సారు మాటల చెడ్డ లేదు చెల్లె," అన్న. "మంచి గూడ లేదు. నాకు ఇంతకు మించి తెల్వది."

"మా అమ్మకు ఏమని చెప్పాలన్నా?" అన్నది.

సెమినారు నాడు హాలంత నిండింది. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చిండు, తెల్ల గడ్డం, చేతిల చల్ల గ్లాసు. నేను ప్రొజెక్టర్ కాడ కూసున్న. ఆమె నీలం చీర కట్టుకొని వచ్చింది, వాళ్ళ మగ్గం మీదిదే కావచ్చు. మొదలుపెట్టింది. పొడులు ఎట్ల తయారుచేసిందో చెప్పింది. ప్రోటీన్ గురించి చెప్పింది. కుంగుతున్న గుట్టల బొమ్మ తెర మీద పడ్డది. ఒకాయన "వెరీ నైస్" అన్నడు. పెద్ద ప్రొఫెసరు ముందుకు ఒంగి చిన్న గుట్టను చూస్తున్నడు. గైడు సారు చేతులు కట్టుకొని నేల చూస్తున్నడు.

ఇక్కడ ఆగి, అదే నా మందు అంటే అయిపోతది. అందరం లేచి సమోసల కాడికి పోతం.

"ఇది నా మందు చేసిన పని గాదు సార్," అన్నది. "ఇది దసరా పసుపు."

మొదట ఎవరికీ సమజ్ కాలే. ఆమె సీస సంగతి, మిథనాల్ సంగతి, దస్తీ సంగతి వరుసగ చెప్పింది. వెనక బెంచీల నవ్వులు మొదలైనయి. "ఆయుధపూజ ఫలితం," అన్నడొకడు. ఇంకొకడు "హారతి గూడ ఇచ్చిన్రా?" అన్నడు. నవ్వు హాలంత పాకింది. ఆమె నవ్వు ఆగేదాక నిలవడ్డది.

పెద్ద ప్రొఫెసరు నవ్వలే. "మరి నీ మందు అతుక్కుంటదామ్మా?"

"తెల్వది సార్. మళ్ళ మొదటి నుంచి చూడాలె."

"చూసేదాక?"

"చూసేదాక థీసిస్ ఇయ్యలేను సార్."

అప్పుడు గైడు సారు లేచిండు. భారీ మనిషి, లేస్తుంటె కుర్చీ కిర్రుమన్నది. "ఆ పూజ ఏటా ముంగటపడి చేయించేది నేను," అన్నడు. "ఆ గీతలు చూసి చాప్టరు రాయమన్నది నేను. మొన్న దాచిపెట్టమన్నది గూడ నేనే. ఆమెకు ఇంకో ఏడాది ఇప్పించున్రి." అని కూసున్నడు. ఆయనను అన్నేండ్లు చూసిన, ఉరుకులాట లేకుంట మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఏడాది ఇచ్చిన్రు. స్కాలర్‌షిప్పు ఇయ్యలే. నోటిఫికేషన్ గడువు దాటిపోయింది, ఆ కొలువులు ఇంకెవరికో వచ్చినయి. ఆమె పొద్దుగాల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల పాఠాలు చెప్పి, పగటేళ బస్సు పట్టుకొని మా కాడికి వచ్చేది. ముఖం పీక్కపోయేది. వాళ్ళమ్మ నాలుగు దినాలు మాట్లాడలేదట, అయిదోనాడు అన్నం పెట్టుకుంట "పసుపు మంచిదే గద బిడ్డా, దాని మీదనే రాస్తే ఏమైతది?" అన్నదట. అది చెప్పి ఆమె నవ్వుడు మొదలుపెడితే ఆగలే, నవ్వుకుంట నవ్వుకుంట ఏడ్సింది.

తమ్ముళ్ళూ, చెల్లెండ్లూ, ఇది చదివి పూజలు బందుచేయమంటున్ననని అనుకోకున్రి. మేం బందుచేయలే. బొట్టు పెట్టుకున్నం, దండ ఏసుకున్నం, కాకపోతే ఇంటికాంచి తెచ్చిన స్టీలు గిన్నెల పసుపు మళ్ళ ఇంటికే పోయేది. ఉన్నది ఉన్నట్టు చెప్తే లోకం మెచ్చుకుంటదని గూడ నేను చెప్ప. లోకం నవ్వింది, సమోసలు తిన్నది, పోయింది. ఆ కొలువు వచ్చినోడు ఇప్పుడు మంచిగున్నడు. నేను ఇన్నేండ్లల్ల ఆ రూముల ఎన్ని గీతలు చూసిన్నో, అందుల ఎన్ని ఇట్లాంటివో, ఆలోచిస్తె నిద్ర పట్టది. అందుకే ఆలోచించ.

గని ఒక మధ్యాహ్నం మట్టుకు చెప్తా. మంచి ఎండకాలం, ఏసీ నడుస్తున్నది, కరెంటు ఉన్నది, మిషన్ అలగలే. మూడూ ఒక్కతాన కూడినయి. ఆమె కొత్త సీసలు, కొత్త మిథనాల్, కొత్త ప్రోటీన్ పెట్టుకొని ఒక్కొక్క పొడినీ మళ్ళ చూసుకుంట వచ్చింది. మొదటిది పోసినం. గుట్ట కదల్లే. రెండోది, మూడోది, నాలుగోది, ఏదీ కదిలియ్యలే. గీత మీద గీత, గీత మీద గీత. చేసిన కష్టమంత తెర మీద ఒక్క పోగులెక్క కనవడ్డది. నేను ఇగ చాలన్న. ఆమె విననట్టు అయిదోది తీసింది.

మొదటి చుక్కకు ఏంగాలే. రెండో చుక్కకు జరంత తగ్గినట్టుంది, గని నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు. ఆమె ఆపింది. వేరే ప్రోటీన్ తీసుకొని ఉత్త మిథనాల్ అన్నే చుక్కలు పోసింది. గుట్ట కదల్లే. మళ్ళ ఇంకో సీసలకెల్లి తీసిన మిథనాల్ పోసింది. కదల్లే. మళ్ళ పొడి కరిగించిన మిథనాల్ పోసింది. తగ్గింది. గోరంత. కుడి దిక్కు ఏ గుట్టా మొలవలే.

"గింతేనా చెల్లె?" అన్న. ఏండ్ల కష్టానికి గింతేనా అని నా నోట్లకెల్లి వచ్చేసింది. పసుపు కుంగించినదాంట్ల అది పదో వంతు గూడ ఉండది.

ఆమె తెర మీద ఉత్త మిథనాల్ గీతకూ, పొడి పోసిన గీతకూ నడుమ సందుల వేలు పెట్టి చూపించింది. వేలే ఆ సందుకన్న లావుగున్నది.

"గింతేనన్నా," అన్నది. "గని గిది నాది."